చిట్టెలుకకీ ఉంది టెన్షన్!

పలివెలలో కొబ్బరిచెట్టు మొవ్వులో కాపురం పెట్టి లేతకాయలకి కన్నాలు వేసే ఎలుకంటే రైతుకి ఒళ్లుమంట. దాని చుట్టాలైన చిట్టెలుకలకి మాత్రం హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో రాజభోగం జరిగింది. వేళకి మేత, మెత్తటి పక్క! దేశంలోని ఎన్నో ప్రయోగశాలలకి వాటిని పెంచి పంపింది ఈ సంస్థే.

అంత మర్యాద ఎందుకంటారా? ప్రశ్నపత్రం అందుకున్న పదోతరగతి అమ్మాయి ఒంట్లో జరిగేదే, ఇరుకు గొట్టంలో కాసేపు బంధించిన చిట్టెలుక ఒంట్లోనూ జరుగుతుంది మరి. మెదడులోని హైపోథలామస్ పిట్యూటరీకి కబురు పెడుతుంది. అక్కణ్నుంచి ఆ కబురు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకి చేరుతుంది. అవి ఒత్తిడి హార్మోన్‌ని రక్తంలోకి వదులుతాయి. మనలో అది కార్టిసాల్, ఎలుకల్లో కార్టికోస్టిరాన్. గండం గడిచాక మెదడే ఆ కుళాయి కట్టేస్తుంది.

కుళాయి ఎంత తెరుచుకోవాలి, ఎప్పుడు కట్టుకోవాలి అన్నదాంట్లో జన్యువులకీ వాటా ఉంది. బాల్బ్-సి అనే తెల్ల ఎలుకల వంశానికి మూలం 1913లో హాల్సీ బాగ్ తెచ్చి పెంచినవి. తరతరాలుగా తోబుట్టువులనే జతకడుతూ రావడంతో వాటి జన్యువులన్నీ దాదాపు ఒక్కటే. 1921లో మొదలైన సి57 బ్లాక్ నల్ల ఎలుకలదీ అదే తీరు. రెండింటినీ ఒకే గదిలో, ఒకే మేతతో పెంచి ఒకేలా భయపెడితే తెల్లవే ఎక్కువ బెదురుతాయి. చాలా ప్రయోగాల్లో హార్మోనూ వాటికే ఎక్కువ పెరిగింది. పైగా మగవాటికన్నా ఆడ ఎలుకల్లో ఈ హార్మోన్ జోరెక్కువ. దీని వెనక ఈస్ట్రోజెన్ హస్తం ఉంది.

ఇక అసలు సంగతి. 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు డిస్క్1 అనే జన్యువులో లోపమున్న ఎలుకల్ని ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఒంటరిగా ఉంచారు. అదే వాటి ఎదిగే వయసు. లోపమున్నా తోటివాటితో పెరిగినవి బాగానే ఉన్నాయి. లోపం లేకుండా ఒంటరిగా గడిపినవీ బాగానే ఉన్నాయి. రెండూ కలిసినచోటే హార్మోన్ పెరిగి ప్రవర్తన దెబ్బతింది. ఆ హార్మోన్ పనిని అడ్డుకునే మందిస్తే కుదుటపడ్డాయి!

2024లో మరో సంగతి తెలిసింది. ఎదిగే వయసులో ఒంటరిగా ఉంచిన ఆడ ఎలుకల్లో, ఈనిన తర్వాత హార్మోన్ చాన్నాళ్లు తగ్గలేదు. చిన్నప్పటి బెంగ పురుడు దాకా ఓపికపట్టిందన్నమాట.

ఎలుకకి ఐదో వారమంటే మనకి టీనేజీ. పలివెల పిల్ల ఇంటర్ కోసం విజయవాడ హాస్టల్‌కి పెట్టె సర్దుకునే వయసూ అదే. ఎలుకల్లో చూసింది మనుషుల్లోనూ అచ్చంగా జరుగుతుందని చెప్పలేం. హాస్టల్ గది ఒంటరి బోనూ కాదు, పక్క మంచం మీద మరో ఊరి పిల్ల ఉంటుంది.