బ్రేకు వేస్తే మార్కులు కోస్తారట!

కారున్న ప్రతి ఇంటికీ, రెన్యువల్ తేదీ దగ్గరపడిన వాళ్లకు మరీ ముఖ్యంగా

ఈ నెలలోనో వచ్చే నెలలోనో మీ కారు ఇన్సూరెన్సు గడువు అయిపోతుంటే, ఈ కాగితం చదివేదాకా ఏజెంటు పంపిన లింకు నొక్కకండి. ఆ లింకులో పాలసీతో పాటు ఒక యాప్ కూడా వస్తుంది. 'మంచి డ్రైవర్లకు తగ్గింపు' అని ఊరిస్తుంది. నేను మంచి డ్రైవర్ని కాదని ఎవరు ఒప్పుకుంటారు? అక్కడే పడిపోతున్నాం.

మా కాలనీలో ఒకావిడ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. కిందటేడాది ఆ యాప్‌కు ఒప్పుకున్నారు. ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీ దిగి వస్తుంటే, మియాపూర్ దగ్గర రోడ్డు ఊడ్చే మనిషి మెట్రో పిల్లరు చాటు నుంచి చీపురుతో సహా ముందుకొచ్చేసింది. ఈవిడ బ్రేకు తొక్కారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంటికొచ్చి ఫోను చూస్తే మెసేజి: హార్డ్ బ్రేకింగ్, మీ స్కోరు తగ్గింది. మొన్న రెన్యువల్‌కి వెళ్తే చెప్పిన తగ్గింపు రాలేదు. ఏడాదంతా ఒక్క క్లెయిము లేదు, ఒక్క చలానా లేదు. మరి తగ్గింపు ఎందుకు రాలేదని అడిగితే కస్టమర్ కేర్ వాళ్లు చెప్పిన జవాబు, 'సిస్టమ్‌లో అలా చూపిస్తోంది మేడమ్.' రాత్రి డ్రైవింగు ఎక్కువని కూడా చూపిస్తోందట. నర్సు రాత్రి కాక ఎప్పుడు వెళ్తుంది డ్యూటీకి?

ఆ సిస్టమ్ గురించే ఈ కరపత్రం.

ముందొక మాట. ఇందులో రెండు రకాలున్నాయి, కలిపేయకండి. 2022 జులైలో బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ రెండింటికీ ఒకేసారి అనుమతి ఇచ్చింది. ఒకటి ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంతకే కట్టే పద్ధతి. రెండోది ఎలా నడిపారో చూసి ధర వేసే పద్ధతి. మొదటిదాంతో మాకు పేచీ లేదు. ఆదివారం గుడికి, ఎప్పుడైనా పెళ్లికి తప్ప కారు తీయని రిటైరైన మాస్టారు, రోజూ హైటెక్ సిటీ దాకా వెళ్లొచ్చేవాళ్లతో సమానంగా కట్టడం అన్యాయమే. మీటరు రీడింగు ఫొటో తీసి పంపితే సరిపోయే పాలసీ దొరికితే నిక్షేపంగా తీసుకోండి. అనుకున్న కిలోమీటర్లు దాటితే అదనంగా ఎంత కట్టాలో మాత్రం ముందే అడగండి.

గొడవంతా రెండోదానితో. కారులో డబ్బా బిగించో, ఫోన్లో యాప్ పెట్టించో, మీరు ఎప్పుడు బయల్దేరారు, ఎంత వేగంగా వెళ్లారు, ఎక్కడ వేగం పెంచారు, ఎక్కడ బ్రేకు తొక్కారు, మలుపు ఎలా తిప్పారు, స్టీరింగు దగ్గర ఫోను ముట్టుకున్నారా అని లెక్క రాసుకునే పద్ధతి ఇది.

బ్రేకు సంగతే తీసుకుందాం. అమెరికాలో ఈ వ్యాపారానికి ఆద్యుల్లో ఒకటైన ప్రోగ్రెసివ్ కంపెనీ తన స్నాప్‌షాట్ పథకంలో హార్డ్ బ్రేకు అంటే ఏమిటో చెప్పింది: ఒక్క సెకనులో వేగం గంటకు 7 మైళ్లు, అంటే సుమారు 11 కిలోమీటర్లు తగ్గితే అది హార్డ్ బ్రేకు. ఈ లెక్కను మన రోడ్డు మీద పెట్టి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. ఆ కొలత దాటకుండా కారు ఆపాలంటే మూడున్నర సెకన్లకు పైగా పడుతుంది, దాదాపు 20 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి. అది కూడా మీ కాలు బ్రేకు మీద పడిన తర్వాత. కూకట్‌పల్లిలో సాయంత్రం ఆరు గంటలకు ముందు 20 మీటర్లు ఖాళీ వదిలి చూడండి. రెండు ఆటోలు, మూడు బైకులు, ఒక పానీపూరీ బండి అందులో దూరతాయి. ఆర్టీసీ బస్సు స్టాపు దాటి నడిరోడ్డు మీద ఆగుతుంది. రాంగ్ రూటులో డెలివరీ కుర్రాడు ఎదురొస్తాడు. అతన్నీ ఏమనలేం, అతని నెత్తి మీద ఇంకో యాప్ గడియారం పట్టుకుని కూర్చుంది. నిన్న లేని స్పీడు బ్రేకరు ఇవాళ పుడుతుంది, దానికి తెల్లగీత పెట్టడానికి ఇంకో ఆర్నెల్లు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో వరంగల్ చౌరస్తాలోనో నడిపేవాళ్లు ఈ జాబితాలో ఇంకో పది కలుపుకోవచ్చు.

ఇంత గందరగోళంలో ఎవరికీ తగలకుండా ఇల్లు చేరిన మనిషి గొప్ప డ్రైవరు. ఆ గొప్పతనం ఎలా వచ్చింది? సమయానికి బ్రేకు వేయబట్టి. ఆ బ్రేకునే యంత్రం తప్పు కింద రాస్తోంది. గొయ్యి పూడ్చని కార్పొరేషన్‌కు స్కోరు లేదు. డివైడరు తెగ్గొట్టి దారి చేసుకున్న హోటలు వాడికి స్కోరు లేదు. అడ్డం వచ్చిన బైకు మీద నమోదయ్యేదేమీ లేదు. అందరి తప్పులకూ కాలు అడ్డం పెట్టిన మీకే మార్కులు కోత. ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. స్కోరు పోతుందన్న భయం ఒకసారి బుర్రలో పడితే, బ్రేకు తొక్కాల్సిన చోట కాలు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ క్షణం ఖరీదు ఏ ప్రీమియంలో కలుపుతారు?

ఇక మనకు వచ్చే తగ్గింపు ఎంత? లెక్క వేద్దాం. పాలసీలో రెండు భాగాలు. థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే భాగం రేటును కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకు 3,416 రూపాయలు. మీరు రుషిలా నడిపినా రౌడీలా నడిపినా యాప్ దాన్ని పైసా తగ్గించలేదు. తగ్గేది ఓడీ, అంటే మన కారు డ్యామేజీకి కట్టే భాగంలో మాత్రమే. అది 6,000 అనుకోండి. 10 శాతం తగ్గితే 600. 18 శాతం జీఎస్టీ కలిపి మిగిలేది 708. నెలకు 59 రూపాయలు. మధ్యతరగతి ఇంట్లో ఏ రూపాయీ ఊరికే రాదు, నిజమే. కానీ నెలకు 59 రూపాయలకు మీ రాకపోకలన్నీ రాసిస్తారా అని ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే ఏమంటారు?

పైగా మంచి డ్రైవర్‌కు బహుమతి ఎప్పట్నుంచో ఉంది. నో క్లెయిమ్ బోనస్. క్లెయిము లేని మొదటి ఏడాదికి ఓడీలో 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతం. కారు అమ్మి కొత్తది కొన్నా ఆ బోనస్ మీ వెంటే వస్తుంది. అది మీ ఫోనులో తొంగి చూడదు, మీరు ఎవరింటికి వెళ్లారో అడగదు. ఏడాదిలో క్లెయిము వేశారా లేదా, అంతే చూస్తుంది. డ్రైవింగుకు ఇంతకు మించిన పరీక్ష ఏముంటుంది?

పాత కథ కాస్త గుర్తు చేస్తాం. మన దేశంలో థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 1946లో తప్పనిసరి అయింది. 1973లో ప్రైవేటు జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలన్నిటినీ నాలుగు ప్రభుత్వ కంపెనీల కిందికి తెచ్చారు. 2006 చివరి దాకా ఓడీ రేటు దేశమంతా ఒకే టారిఫ్ పుస్తకం ప్రకారం. కారు విలువ, సీసీ, వయసు, ఊరు, ఇవే అందులో కొలతలు. హైదరాబాద్ 'ఏ' జోన్‌లో ఉంది కాబట్టి మనం జిల్లాల వాళ్లకంటే ఎక్కువ రేటు కట్టేవాళ్లం. ఎందుకు? నగరం కాబట్టి, రద్దీ కాబట్టి. సరే, కట్టాం. మరి ఆ రద్దీలో బ్రేకు వేసినందుకు మళ్లీ స్కోరు కొయ్యడమేమిటి? ఒకే గొడ్డుకు రెండుసార్లు తోలు ఒలిచినట్టు లేదూ? 2007 జనవరిలో ఓడీ ధర నిర్ణయించే అధికారం కంపెనీల చేతికి వెళ్లింది. పోటీ వస్తుంది, ధర తగ్గుతుంది అన్నారు. పదిహేనేళ్లు తిరిగేసరికి మన జేబులోకి యాప్ వచ్చింది.

'దాచుకోవడానికి నా దగ్గరేముంది' అనేవాళ్లకు ఒకే ప్రశ్న: మీ బ్యాంకు పాస్‌బుక్కు అపార్ట్‌మెంటు లిఫ్టులో అంటిస్తారా? 'గూగుల్‌కి అన్నీ తెలుసుగా' అనేవాళ్లకు: గూగుల్ మీ క్లెయిము పాస్ చేయదు, ఆపదు. ఇక ముందుకు వెళ్దాం.

ఇది ఎక్కడిదాకా పోతుందో తెలుసుకోవడానికి జోస్యం అక్కర్లేదు. అమెరికాలో చూశాం. ప్రోగ్రెసివ్ ఈ ప్రయోగం మొదలుపెట్టింది 1998లో, టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో. అప్పుడు కారులో డబ్బా పెడతామని చెప్పి పెట్టారు. తర్వాత ఇంకొందరు చెప్పడం కూడా మానేశారు. 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన సంగతి ఇది: జనరల్ మోటార్స్ కార్లు యజమానుల డ్రైవింగు వివరాలను లెక్సిస్‌నెక్సిస్ అనే సంస్థకు చేరవేశాయి, అక్కణ్నుంచి అవి బీమా కంపెనీలకు అందాయి. ఒక పెద్దమనిషికి ప్రీమియం 21 శాతం పెరిగింది. ఎందుకో అర్థంకాక తన ఫైలు తెప్పించుకుంటే 258 పేజీలు వచ్చాయి. ఆర్నెల్లలో ఆయన, ఆయన భార్య వెళ్లిన 640 ప్రయాణాలు, బ్రేకులతో సహా. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జనరల్ మోటార్స్ మీద చర్య తీసుకుంటూ చెప్పింది, కారు ఎక్కడుందన్న సమాచారాన్ని ఒక్కోసారి 3 సెకన్లకోసారి సేకరించారని. అలాంటి సమాచారాన్ని అయిదేళ్లపాటు లెక్సిస్‌నెక్సిస్ తరహా సంస్థలకు ఇవ్వకూడదని కట్టడి చేసింది. అదే నెలలో టెక్సాస్ రాష్ట్రం బీమా కంపెనీ ఆల్‌స్టేట్ మీద, దాని అనుబంధ సంస్థ ఆరిటీ మీద దావా వేసింది. బీమాతో సంబంధమే లేని యాప్‌లలో తమ కోడ్ పెట్టించి నాలుగున్నర కోట్ల మంది కదలికలు పోగేశారన్నది ఆరోపణ. ఆ టెక్సాస్‌లోనే ఫ్రిస్కోలో, ప్లేనోలో, ఇర్వింగ్‌లో కారు నడుపుతున్నది మన పిల్లలేగా. ఫోన్ చేసి అడగండి, వాళ్ల ఫోన్లలో ఏమేం యాప్‌లున్నాయో.

అదే అమెరికాలో కాలిఫోర్నియా మాత్రం గట్టిగా నిలబడింది. 1988లో అక్కడి ఓటర్లు ప్రొపొజిషన్ 103 అనే చట్టాన్ని నెగ్గించుకున్నారు. ప్రీమియంకు ముఖ్యమైన కొలతలు మూడే: డ్రైవింగు రికార్డు, ఏడాదికి తిరిగిన మైళ్లు, ఎన్నేళ్ల అనుభవం. బీమా కంపెనీ యంత్రం పెట్టినా మైళ్లు లెక్కపెట్టడానికే, కారు ఎక్కడుందో రాసుకోవడానికి వీల్లేదని అక్కడి నిబంధన. అక్కడ ఇన్సూరెన్సు వ్యాపారం మూతపడలేదే! సాంకేతికత పుట్టిన గడ్డే గీత గీసుకుంటే, మనకేం తొందర?

మన చట్టం సంగతి. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, షరతు లేకుండా ఉండాలంటుంది ఆ చట్టం. నియమాలు రావడానికి 2025 నవంబరు అయింది, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది అక్కణ్నుంచి 18 నెలలకు. ఈ సందులోనే యాప్‌లు అమ్ముకుంటున్నారు. 'అంగీకరిస్తున్నాను' అన్న బటను కింద ఎన్ని పేజీలున్నాయో ఏజెంటుకే తెలియదు. తగ్గింపు ఎర వేసి తీసుకున్న సంతకం స్వేచ్ఛగా పెట్టిందెలా అవుతుంది?

కాబట్టి ఐఆర్‌డీఏఐని అడుగుతున్నాం. బతిమాలడం లేదు. ఈ స్కోరు ఎలా వేస్తారో పాలసీ కాగితంలోనే తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయించండి. రాత్రి నడిపినందుకు, బ్రేకు వేసినందుకు మార్కులు కోయడం ఆపించండి. స్కోరు బాగుంటే ధర తగ్గించుకోనివ్వండి, బాగా లేదని పెంచడం మాత్రం కుదరదని ఉత్తర్వు ఇవ్వండి. క్లెయిము వచ్చినప్పుడు ఆ డేటాను మన మీదే సాక్ష్యంగా వాడకూడదు. ఇంకో కంపెనీకి అమ్మకూడదు. పాలసీ మానేసిన రోజే చెరిపేయాలి. ఇవన్నీ అమలయ్యేదాకా కిలోమీటర్ల పద్ధతి ఒక్కటే ఉంచి రెండోదానికి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోండి. ఈ మాట చెప్పడానికి ఢిల్లీ రైలు ఎక్కక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది.

ఈలోగా రెన్యువల్ చేయించుకునేవాళ్లు స్కోరు సంగతి వదిలేసి అసలైనవి చూడండి. ఐడీవీ, అంటే పాలసీలో కారుకు కట్టిన విలువ, ఎంత రాశారో చూడండి. ప్రీమియం తక్కువ చూపించడానికి కారు విలువే తగ్గించేస్తారు, కారు పోయిన రోజు తెలుస్తుంది. నో క్లెయిమ్ బోనస్ సరిగ్గా కలిపారా అన్నది మీరే లెక్కపెట్టుకోండి. కారు కొత్తదైతే జీరో డిప్రిసియేషన్ తీసుకోండి, లేకపోతే బంపరు లాంటి ప్లాస్టిక్ భాగాల్లో సగం ఖర్చు మీ నెత్తినే. చిన్న గీతలకు క్లెయిము వేసి బోనస్ పోగొట్టుకోకండి. ఈ నాలుగూ చూసుకుంటే నెలకు 59 రూపాయల కన్నా చాలా ఎక్కువే మిగులుతుంది.

ఇప్పటికే యాప్‌కు ఒప్పుకున్నవాళ్లు కంపెనీకి ఈ రోజే ఒక మెయిలు పెట్టండి. నా గురించి ఏమేం రాసుకున్నారు, ఎవరెవరికి ఇచ్చారు, క్లెయిములో వాడతారా వాడరా? ఫోన్లో లొకేషన్ పర్మిషన్ ఆపేసే ముందు, ఆపితే పాలసీకి ఏమవుతుందో కూడా ఆ మెయిలులోనే అడగండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు వేయండి, లేదా 155255కు ఫోన్ చేయండి. అదీ తేలకపోతే లక్డీకాపూల్ దగ్గర ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫిర్యాదు నంబరు రాసి మీ కాలనీ సంఘానికి ఇవ్వండి. నానక్‌రామ్‌గూడకు వెళ్లేటప్పుడు ఆ నంబర్లన్నీ ఒకే అర్జీ కింద జతచేస్తాం.