కారు వెనక ఎత్తు ఊరికే పెట్టలేదప్పా

పాత అంబాసిడర్లకు, పద్మినీ కార్లకు మళ్లీ మంచి రోజులు వచ్చినాయి. ఏండ్ల తరబడి కొట్టంలో గడ్డివాము పక్కన దుమ్ము పట్టి ఉన్న కార్లను మనవళ్లు బయటికి లాగి, రంగు కొట్టించి, రోడ్డు మీదికి తెస్తాండారు. ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ అట్లాంటి బండి ఒకటి పోతే జనం నిలబడి చూస్తారు. ఇంతవరకు సంతోషమే. కానీ దాని ఎనకాలే ఒక కొత్త పిచ్చి మొదలైంది. రీల్స్‌లో చూసి, కారు వెనక భాగం నేలకు ఆనుకున్నట్టు కిందికి దించాలంట. "రెండు పట్టీలు తీసేస్తే సరిపోతాదిలే" అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. నా మాట ముందే చెప్తా. మన రోడ్ల మీద తిరిగే బండికి ఈ పని చేయొద్దు. ఎందుకో వివరంగా రాస్తాండా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఎత్తు ఎందుకుందో తెలుసుకోవాల. అంబాసిడర్ అనేది ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు నమూనా. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారు చేసినారు. దీనికి వెనక రెండు కమాన్ కట్టలు ఉంటాయి. పద్మినీకీ అంతే, మన పాత జీపులకూ అంతే. అన్నిటికన్నా పొడుగుది మెయిన్ పట్టీ. దాని కింద ఒకదానికన్నా ఒకటి పొట్టిగా మిగతా పట్టీలు. అన్నిటినీ సెంటర్ బోల్టు పట్టుకోనుంటాది, యూ బోల్టులతో కట్టను వెనక హౌసింగ్‌కు బిగిస్తారు. ఈ కట్ట రెండు పనులు చేస్తాది. ఒకటి బరువు మోయడం. రెండోది చాలామందికి తెలీదు. హౌసింగ్ ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టుకోనుండేది కూడా ఈ కట్టే. అంటే అది స్ప్రింగు మాత్రమే కాదు, వెనక చక్రాలకు కళ్లెం లాంటిది.

హౌసింగ్‌కు, పైన బాడీకి మధ్య ఉండే ఖాళీ గుంత వచ్చినప్పుడు, బరువు వేసినప్పుడు చక్రం పైకి లేచేదానికి వదిలిన జాగా. ఆ జాగా చివర ఒక రబ్బరు దిమ్మె ఉంటాది. కట్ట పూర్తిగా వంగినప్పుడు ఇనుము ఇనుముకు తగలకుండా అది కాపాడుతాది. ఖాళీ కారు వెనక కొంచెం లేచినట్టు కనబడేది అందుకే. ఐదారు మంది కూర్చోని, డిక్కీలో రెండు చెనక్కాయ మూటలు వేస్తే అది సమానంగా నిలబడాల. ఆ లెక్కతో పెట్టిన ఎత్తు అది.

ఇప్పుడు దించే పద్ధతులు చూద్దాం. ఇవి మూడు రకాలు.

మొదటిది కట్టలోంచి పట్టీలు తీసేయడం. ఖర్చు తక్కువ కాబట్టి ఎక్కువ మంది దీనికే పోతారు. మూడింటిలో చెడ్డది ఇదే. పట్టీలు తగ్గితే కారు దిగుతాది, నిజమే. కానీ కట్ట మెత్తబడతాది కూడా. జాగా తగ్గినప్పుడు కట్ట ఇంకా గట్టిగా ఉండాల. ఇక్కడ జాగానూ తగ్గించి, గట్టితనాన్నీ తగ్గిస్తాండాం. మిగిలిన పట్టీల మీద భారం ఎక్కువ పడి ఒకరోజు మెయిన్ పట్టీ విరుగుతాది. అది విరిగితే కళ్లెం తెగినట్టే, హౌసింగ్ ఒక పక్కకు జరుగుతాది. అరవై స్పీడులో ఉన్నప్పుడు అట్ల జరిగితే ఏమౌతుందో నేను రాయనక్కర్లేదు.

రెండోది, గ్యాస్ మంట పెట్టి కట్ట వంపు తీసేయడం. మన కమ్మరిని అడగండి. కొడవలిని కాల్చి, నీళ్లలో ముంచి గట్టి చేస్తాడు. అదే కొడవలిని మళ్లీ ఎర్రగా కాల్చి ఊరికే వదిలేస్తే మెత్తబడి, నాలుగు మొదళ్లు కోసేసరికి వంగుతాది. కమాన్ పట్టీ ఉక్కు కూడా అంతే. మంట తగిలిన చోట దాని బలం పోతాది. వంపు తగ్గించాలంటే మంట లేకుండా ప్రెస్సు మీద పెట్టి, కొలత చూసుకుంటా చేయాల. అది కట్టల పని బాగా తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని.

మూడోది, హౌసింగ్‌కు కట్టకు మధ్య ఇనుప దిమ్మె పెట్టి పొడుగు యూ బోల్టులు బిగించడం. కట్ట హౌసింగ్ కింద ఉండే బండ్లలోనే దీంతో దిగుతాది. కట్ట పైన ఉండే బండికి అదే దిమ్మె పెడితే దిగేది పోయి ఇంకా లేస్తాది. మూడింటిలో ఇది కొంచెం మేలు, కట్ట బలం చెడదు. కానీ దిమ్మె ఎంత మందం ఉంటే చక్రానికి అంత జాగా తగ్గినట్టే. దాంతోపాటు షాకబ్జర్లు, వెనకకు పోయే బ్రేకు రబ్బరు పైపు, హ్యాండ్ బ్రేకు కేబులు, సైలెన్సర్ పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు, ఇవన్నీ మళ్లీ చూసుకోవాల. చూసేవాళ్లు ఎంతమంది? యూ బోల్టు బిగించి, ఫోటో తీసుకోని పోతారు.

ఇంకొక సంగతి ఉంది. ఎద్దులబండికి వెనక బరువు ఎక్కువైతే ముందర నొగ పైకి లేస్తుంది గదా. కారు వెనక దించితే ముందర లైట్లు అట్లే పైకి లేస్తాయి. జమ్మలమడుగు పక్క పల్లెల్లో రాత్రిపూట మడికి నీళ్లు కట్టి మోటర్‌సైకిల్ మీద వచ్చే రైతు కంట్లో ఆ వెలుతురు పడతాది. గుంతలో పడేది ఆయప్ప. "నా కారు, నా డబ్బులు, నా ఇష్టం" అనేవాళ్లకు ఇదే నా జవాబు. కారు నీదే నాయనా, రోడ్డు అందరిది.

ఈ షోకు పుట్టింది మన దగ్గర కాదు. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మెక్సికో మూలాలున్న కుర్రోళ్లు పాత కార్ల డిక్కీల్లో ఇసుక మూటలు వేసి, స్ప్రింగులు కోసి కిందికి దించినారు. వాటిని లోరైడర్లు అంటారు. 1958లో అక్కడ చట్టం వచ్చింది, కారులో ఏ భాగమూ చక్రం రిమ్ము కింది అంచు కన్నా దిగువన ఉండకూడదని. మరుసటి ఏడే రాన్ ఆగిర్రే అనే ఆయన విమానాల హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కారుకు బిగించినాడు. బటన్ నొక్కితే దిగుతాది, మళ్లీ నొక్కితే లేస్తాది. ఆ చట్టాన్ని ఎత్తేస్తా 2023లో కొత్త చట్టం చేసినారు. దీంట్లో మనం చూడాల్సింది ఏందంటే, దించడంలో పేరు మోసిన ఆ ఊర్లో కూడా లేపుకునే ఏర్పాటు పెట్టుకున్నారు. అక్కడివి సాపు రోడ్లు. మనకేమో వానకు ఉబ్బి ఎండకు పగిలే నల్లరేగడి నేలల మీద రోడ్లు, నాపరాళ్ల లారీలు తొక్కిన గుంతలు, వంకల దగ్గర దిగుడు, ప్రతి ఊరి ముందర ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు.

మన చట్టం కూడా గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట తేల్చి చెప్పింది. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ కింద ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు సాకు మనమే చేతికి ఇచ్చినట్టు. ఇంకా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏండ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. తాత కొన్న కారుకు ఆ గౌరవం దక్కే వయసు వచ్చిన రోజుల్లో, దాని కట్టలు కోసుకోవడం ఏం తెలివి?

అవతలి మాట కూడా చెప్పాల. దిగిన కారు మలుపుల్లో తక్కువ ఊగుతాది, నేలను పట్టుకోని పోతాది అంటారు. అది నిజమే. రేసు ట్రాక్ మీద, సరైన స్ప్రింగులు, షాకబ్జర్లు అన్నీ కలిపి లెక్కతో చేస్తే నిజం. పట్టీలు పీకి, ముద్దనూరు రోడ్డు మీద తిరిగేదానికి ఆ మాట వర్తించదు.

దించేవాళ్లనే అనడం న్యాయం కాదు. చీనీకాయలు, అరటి గెలలు రెండింతలు వేసేదానికి పికప్ బండ్లకు అదనపు పట్టీలు వేయించేవాళ్లు మన రైతుల్లోనే ఎంతోమంది ఉండారు. ఖాళీగా వచ్చేటప్పుడు ఆ బండి వెనక ఎగిరెగిరి పడతాది, బ్రేకు వేస్తే చక్రం నేలను సరిగ్గా పట్టుకోదు. కుర్రోడు షోకుకు చేస్తే తప్పు, మనం బాడుగ మిగిలించుకునేదానికి చేస్తే ఒప్పు కాదు. చట్టం ఇద్దరికీ ఒకటే, గుంతా ఇద్దరికీ ఒకటే.

పాత కారు మీద నిజంగా ప్రేముంటే చేయాల్సిన పని వేరే ఉంది. సమానమైన నేల మీద నిలబెట్టి, రెండు పక్కలా వెనక మడ్‌గార్డు అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. ఏండ్ల తరబడి మోసిన కట్టలు చాలా కార్లలో తమంతట తామే దిగిపోయి ఉంటాయి, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. షాకిల్ బుష్షులు మార్పించండి, పగిలిన పట్టీ ఉంటే కొత్తది వేయించండి, వంపు సరిచేయించండి. అప్పుడు ఆ కారు తాత నడిపిన రోజు నిలబడినట్టు నిలబడతాది. దానికి మించిన అందం ఏముంది?

లేదు, దిగిన ఫోటోనే కావాలంటే ఒక ఉపాయం చెప్తా. డిక్కీలో నాలుగు ఇసుక మూటలు వేసి, నిలబెట్టి ఫోటో తీసుకోండి. తీసుకున్నాక మూటలు దించేయండి. కొత్త అంబాసిడర్ ఇంక రాదు, ఉన్నవాటినన్నా చెడగొట్టుకోకండి.