పడ్డవాడు చెడ్డవాడు కాడు

"మంచులో జారడానికి డబ్బులుంటాయి, ఇండియా వెళ్ళడానికి మాత్రం ఉండవు. ఇంక పిల్లలకు తెలుగెలా వస్తుంది?"

మా గుడి వంటింట్లో పులిహోర కలుపుతుంటే ఒక పెద్దాయన అన్న మాట ఇది. నన్నే అన్నారు. ఫిబ్రవరి సెలవుల్లో అమ్మాయి, అల్లుడు, మనవరాలు, మనవడితో కలిసి బల్గేరియాలోని బాన్‌స్కోకు వెళ్ళొచ్చామని అప్పుడే చెప్పాను. ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కోపం వస్తే నాకు తెలుగు రాదు, ఇంగ్లీషే వస్తుంది. ఇంగ్లీషు మీడియం చదువు మరి. అందుకే ఇంటికొచ్చి, నెమ్మదిగా, తెలుగులో రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఇంగ్లండులో ఆ సెలవు ఒక్క వారమే. బడి రోజుల్లో పిల్లల్ని మాన్పిస్తే తల్లిదండ్రులకు జరిమానా పడొచ్చు. వారంలో హైదరాబాదు వెళ్ళి రావాలంటే ప్రయాణానికే రెండు రోజులు పోతాయి. లండన్ నుంచి సోఫియాకు విమానంలో మూడు గంటల పైచిలుకు. అక్కడి నుంచి బాన్‌స్కో సుమారు 160 కిలోమీటర్లు. ఆల్ప్స్‌లోని పేరున్న ఊళ్ళతో పోలిస్తే ఖర్చు తక్కువ. తక్కువంటే ఊరికే రాదు. లిఫ్ట్ పాసుకు, స్కీల అద్దెకు, బూట్లకు, పాఠాలకు విడివిడిగా కట్టాలి. అందుకని వంటిల్లున్న ఫ్లాట్ తీసుకున్నాం, రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాం. బల్గేరియా పెరుగుకు పేరున్న దేశం. రోజూ రాత్రి పెరుగన్నం, ఆవకాయ. ఇండియాకు వేసవిలో వెళ్తూనే ఉంటాం. అక్కడ మా పిల్లలు తెలుగులో అడిగితే, వాళ్ళ కజిన్లు ఇంగ్లీషులో జవాబిస్తారు. ఆ సంగతి ఆ పెద్దాయనకూ తెలుసు.

రెండోది, "స్కీయింగ్ మన సంస్కృతి కాదు" అనే మాట. కాదు, నిజమే. క్రికెట్ కూడా కాదు. దాన్ని ఎవరూ గుడి వంటింట్లో తిట్టరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

బాన్‌స్కో పిరిన్ కొండల కింద ఉన్న చిన్న ఊరు. పొద్దున్నే గొండోలా కోసం పెద్ద క్యూ ఉంటుంది. అది మనల్ని 1,600 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. కొత్తవాళ్ళు నేర్చుకునే చోటు ఒకటి అక్కడ ఉంది. వాలు చాలా తక్కువ. మొదటి పాఠం జారడం కాదు. పడితే ఎలా లేవాలి అన్నది. ఆ తరువాతే స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి ఆగడం నేర్పుతారు. మా మనవడికి ఆరేళ్ళు. మనవరాలికి పదేళ్ళు. నాకు అరవై ఐదు. నేను ఒక్క రోజే నేర్చుకున్నాను, పదకొండుసార్లు పడ్డాను.

మొదటి రోజు మా మనవరాలు పడి, "అమ్మమ్మా, నేను పడింది!" అని అరిచింది. ఎవరూ నవ్వలేదు. నవ్వే తీరిక ఎవరికీ లేదు. నేను కిందే ఉన్నాను, "నేనూ పడ్డాను!" అన్నాను. కాసేపటికి వాళ్ళమ్మ, "పడ్డాను!" తమ్ముడు, "పడ్డాను, పడ్డాను!" వారమంతా ఆ కొండ మీద మేము వాడినవి ఆరు మాటలు: జారు, వంగు, తిరుగు, ఆగు, పడు, లే. గురువారానికి ఆ పిల్ల దానంతట అదే "అమ్మమ్మా, ఇవాళ రెండుసార్లే పడ్డాను" అంది. ఎవరూ వ్యాకరణం చెప్పలేదు. అవసరం పడింది, చెవిన పడింది, నోటికి వచ్చింది.

ఇదే పిల్ల రెండేళ్ళ క్రితం ఉగాదికి మా గుడి హాల్లో మైకు ముందు నిలబడి, "మా తాతయ్య ఊరి నుంచి వచ్చింది" అంది. హాలంతా గొల్లున నవ్వింది. ఒకాయన మైకు అందుకుని "వచ్చిందా, వచ్చాడా తల్లీ?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ముద్దుగా ఉందనే నవ్వారు, నాకు తెలుసు. ఎందుకంటే నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి గుడిలో ఎవరు తెలుగులో పలకరించినా ఆ పిల్ల ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. దాని తెలుగును మంచు తీసుకుపోలేదండీ. మన నవ్వు తీసుకుపోయింది.

తప్పు దిద్దొద్దని నేను అనడం లేదు. స్కీ టీచరు రోజంతా దిద్దుతూనే ఉంది: మోకాళ్ళు వంచు, ముందుకు చూడు, మళ్ళీ చెయ్యి. కానీ పడిన పిల్లను నలుగురికీ చూపించి నవ్వలేదు. మనం పిల్లల్ని నేరుగా కొండ శిఖరం మీద నిలబెడతాం. మైకు, స్టేజీ, వంద మంది పెద్దవాళ్ళు. పడితే నవ్వుతాం. తరువాత "ఈ కాలం పిల్లలకు భాష మీద ప్రేమ లేదు" అని బాధపడతాం.

ఇంకో సంగతి. బాన్‌స్కోలో చాలా బోర్డులు సిరిలిక్ లిపిలో ఉంటాయి. ఇంగ్లీషు 'పి'లా కనిపించే అక్షరం అక్కడ 'ర' అని పలుకుతుంది. మా మనవరాలు రెండు రోజుల్లో "రెస్టారెంట్" అని చదివేసింది. అది కష్టమని దానికి ఎవరూ చెప్పలేదు. తెలుగు అక్షరాల గురించి మాత్రం మనమే ముందు భయపెడతాం.

ఆ ఊళ్ళో పైసీ అనే సన్యాసి పేరు గొప్పగా చెప్పుకుంటారు, మా ఊరివాడే అంటారు. ఆయన 1762లో బల్గేరియన్ల చరిత్ర రాశాడు. సొంత భాషను చూసి సిగ్గుపడే తన వాళ్ళను అందులో గట్టిగా మందలించాడు. నాకు ఆయనంటే గౌరవం. కానీ మా పిల్లల సిగ్గు వాళ్ళకు పుట్టుకతో రాలేదు. మనం ఇచ్చాం.

అందుకని ఆ పెద్దాయనకూ, నాలాంటి వాళ్ళకూ మూడు మాటలు.

ఒకటి: పిల్లలు తెలుగులో తప్పు మాట్లాడితే నవ్వకండి, ముద్దుగా ఉన్నా సరే.

రెండు: తప్పును వేలెత్తి చూపకుండా, సరైన మాటతో జవాబివ్వండి. "తాతయ్య వచ్చింది" అంటే, "ఓహో, తాతయ్య వచ్చాడా? ఎప్పుడు వచ్చాడు?" అనండి చాలు.

మూడు: మనమూ వాళ్ళ ముందు పడదాం. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది యాభై దాటాక. ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాను. వచ్చే ఆదివారం ప్రసాదం దగ్గర బోర్డు మీది ప్రకటన నేనే పైకి చదువుతాను. తడబడతాను. మా మనవరాలు పక్కనే ఉంటుంది. తను చదువుతుందో లేదో తెలియదు, అడగను.

"పడ్డవాడు చెడ్డవాడు కాడు" అని మనకు సామెత ఉంది. మాటలు పడినవాడి గురించి చెప్పింది అది. మంచులో పడినవాళ్ళకూ, వాక్యంలో పడినవాళ్ళకూ సరిపోతుంది.

నేను రాసిన దానిలో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. నవ్వకండి.