వెల్ల వేస్తే చాలదా?

గన్నవరం: ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి అంత కష్టం అక్కర్లేదు.

అమెరికా టీవీలో 2000లో మొదలైన ‘ట్రేడింగ్ స్పేసెస్’ చూపింది అదే. ఇరుగుపొరుగువారు రెండు రోజులు ఇళ్లు మార్చుకుని, వెయ్యి డాలర్లలో ఒకరి గదిని మరొకరు తీర్చిదిద్దేవారు. నచ్చక కంటతడి పెట్టినవారూ ఉన్నారు. అయినా ఆ ముచ్చటను నేటికీ తలచుకుంటారు.

గన్నవరం చుట్టుపక్కల పల్లెలకు ఇది కొత్తా? సంక్రాంతికి గోడలకు వెల్ల, గడపలకు పసుపు, వాకిట ముగ్గు. పొరుగింటివారూ ఒక చెయ్యి వేసేవారు. ఇప్పుడు కొందరు గట్టి ఇంటినే పడగొట్టి, అప్పుతో మేడ కడుతున్నారు. మేడ చూసి మెచ్చేవారు వడ్డీ కట్టరు. గునపం పట్టేముందు సున్నం కలిపి చూడటం మేలు.