కాపాడవలసినది శబ్దమా? సాధనమా?

విద్యాసంస్థలలో పాత వస్తువుల పట్ల రెండు ధోరణులు కనిపిస్తూ ఉంటాయి. పాతబడినదల్లా పనికిరానిదని పారవేయడం ఒకటి; పాతది గనుక ఎవరూ తాకరాదని గదికి తాళం వేయడం రెండవది. మొదటిది తొందరపాటు, రెండవది బద్ధకం. రెంటి ఫలితం మాత్రం ఒక్కటే. కొంతకాలానికి ఆ వస్తువు ఉండీ లేనట్లే అవుతుంది. మన భాషా ప్రయోగశాలలోని పాత కంప్యూటరు విషయమై ఇప్పుడు జరుగుతున్న చర్చ ఇట్టిదే గనుక, మా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, పాలక సంఘం పెద్దల ముందు ఉంచదలచాము.

ఆ కంప్యూటరు విండోస్ ఎక్స్‌పీతో నడుస్తుంది. మన కళాశాలలో జరిగిన ముషాయిరాలు, తెలుగు సాహిత్య సభలు, వార్షికోత్సవ నాటకాలు, పదవీ విరమణ చేసిన అధ్యాపకుల పాఠాలు అన్నీ ఆనాటి ధ్వని సంకలన సాఫ్ట్‌వేర్‌తో అందులో కూర్చి ఉన్నాయి. కొత్త కంప్యూటర్లు వచ్చాయి గనుక దానిని తీసివేయాలని కొందరంటున్నారు. అది లేనిదే ఆ శబ్దాలు వినరావు గనుక ఉంచాలని మరికొందరంటున్నారు. ఆ పాత సాఫ్ట్‌వేర్‌నే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిపిస్తే సరిపోదా అని మూడవ పక్షం వారు అడుగుతున్నారు. మూడవ పక్షం మాటలో సగం నిజం ఉంది. ఆ సగమెంతో తేల్చుకోవడమే మన ముందున్న పని.

అసలు ఈ శబ్దాల కోసం ఇంత ఆరాటం దేనికని కొందరు విద్యార్థులకు తోచవచ్చు. ఉర్దూలో 'కలం' అనే మాటను 'బడా ఖాఫ్'తో వ్రాస్తాము. ఆ అక్షరాన్ని నాలుక మూలం నుండి పలకడం ప్రామాణికం. దక్కనీ మాట్లాడే ఇళ్లలో అదే మాట 'ఖలం' అని వినిపిస్తుంది. లిపి రెంటికీ ఒక్కటే. తెలుగులోనూ అంతే, అచ్చులో పడేసరికి జిల్లా జిల్లాకు మారే యాస చాలావరకు ఒకే మూసలో ఒదిగిపోతుంది. మన ముందుతరం అధ్యాపకులు ఎట్లా పలికారు, ఎక్కడ ఆగారు, ఏ మాటను ఒత్తి చెప్పారు అన్న ప్రశ్నలకు సమాధానం పుస్తకంలో దొరకదు. అది ఆ పాత కంప్యూటరులోనే ఉంది. వారిలో కొందరి గొంతు మరెక్కడా లేదు.

ఇక పాత సాఫ్ట్‌వేర్ కొత్త వ్యవస్థపై ఎందుకు మొరాయిస్తుందో చూద్దాం. ఇందులో మాయ ఏమీ లేదు. పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని 16 బిట్లవి, తర్వాతివి 32 బిట్లవి. 64 బిట్ల విండోస్ 32 బిట్ల వాటిని నడుపుతుంది గాని, 16 బిట్ల వాటిని నడపదు. ఒక్కొక్కచోట అసలు సాఫ్ట్‌వేర్ 32 బిట్లదే అయినా, దానిని కంప్యూటరులోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ 16 బిట్లదై ఉంటుంది. అప్పుడు ఇంట్లో మనిషి ఉన్నా గుమ్మం తెరుచుకోదు. ఆపిల్ వారి మ్యాక్‌లలో కట్టుబాటు ఇంకా గట్టిది. 2019 అక్టోబరులో వచ్చిన కాటలీనాతో 32 బిట్ల సాఫ్ట్‌వేర్‌లన్నీ అక్కడ ఆగిపోయాయి.

రెండవ కారణం అధికారానికి సంబంధించినది. ఎక్స్‌పీ కాలపు సాఫ్ట్‌వేర్‌లు తమ అమరికలను 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే ఫోల్డరులోనే వ్రాసుకునేవి. విస్టా నుండి ఆ ఫోల్డరులో వ్రాయడానికి ప్రత్యేకమైన అనుమతి కావలసివచ్చింది. అనుమతి లేనిచో ఆ వ్రాతను విండోస్ వాడుకరి సొంత ఫోల్డరులోని మరొక మూలకు మళ్లిస్తుంది. అందువల్ల ఉదయం ఒక విద్యార్థి చేసిన అమరిక మధ్యాహ్నం మరొక పేరుతో లోనికి వచ్చిన విద్యార్థికి కనబడదు. శబ్దాన్ని స్పీకర్లకు చేర్చే ఏర్పాటును కూడా విస్టాలో తిరిగి నిర్మించారు. సౌండ్ కార్డుకు ఆనాటి డ్రైవరు ఈనాటి విండోస్‌పై పనిచేయకపోవచ్చు.

మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. అనేక ట్రాకులతో చేసిన కూర్పును సాఫ్ట్‌వేర్ ఒక సెషన్ ఫైలుగా దాస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఆ ఫైలులో శబ్దం ఉండదు. ఏ శబ్దం ఏ ఫోల్డరులో ఉంది, ఎన్నవ నిమిషంలో మొదలుకావాలి, ఎంత బిగ్గరగా వినబడాలి అన్న వివరాలు మాత్రమే ఉంటాయి. అది కిరాణా చీటీ వంటిది. చీటీలో బియ్యం ఇన్ని కిలోలని వ్రాసి ఉంటుంది. చీటీ చేత పట్టుకుంటే కడుపు నిండదు. సెషన్ ఫైళ్లను పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకొని అంతా భద్రపరచామని తృప్తి పడేవారు ఈ సంగతి గమనించాలి. శబ్దాన్ని శుభ్రపరచిన 32 బిట్ల ప్లగిన్‌ను 64 బిట్ల సాఫ్ట్‌వేర్ నేరుగా తీసుకోదు గనుక, సెషన్ తెరుచుకున్నా వినవచ్చేది ఆనాటి కూర్పు కాకపోవచ్చు.

ఒక్క సాఫ్ట్‌వేర్ చరిత్ర చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. రాబర్ట్ ఎల్లిసన్, డేవిడ్ జాన్‌స్టన్ స్థాపించిన సింట్రిలియం సంస్థ కూల్ ఎడిట్ ప్రోను తయారు చేసింది. 2003లో అడోబి సంస్థ దానిని 1 కోటి 65 లక్షల డాలర్లకు కొని, అదే ఏడు అడోబి ఆడిషన్ అని పేరు మార్చింది. 2007లో వచ్చిన ఆడిషన్ 3 వరకు పాత పద్ధతి సెషన్లు సాగాయి. తరువాత సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా నిర్మించినప్పుడు ఆ సెషన్లు నేరుగా తెరుచుకోలేదు. వాటిని ముందుగా ఆడిషన్ 3లో తెరిచి, ఎక్స్ఎంఎల్ రూపంలో దాచి, ఆ తర్వాత కొత్తదానికి అందించవలసి వచ్చింది. అనగా కొత్త ఇంటికి వెళ్లే దారి పాత ఇంటి గుండానే ఉన్నది. పాత ఇంటిని ముందే పడగొట్టినవారికి దారి లేదు.

ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే ఈ బెడద ఉండదని కొందరి వాదం. ఆడాసిటీని మేమూ గౌరవిస్తాము. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో లోకానికి వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను పేద విద్యార్థి కూడా నిజాయితీగా వాడుకోవచ్చు. కాని 2021లో వచ్చిన ఆడాసిటీ 3.0 తన ప్రాజెక్టు ఫైలు రూపాన్ని మార్చుకుంది. కొత్త రూపంలోని ఫైలును పాత ఆడాసిటీ తెరవజాలదు. ఉచితమైనా, ఖరీదైనా, ఏ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలూ శాశ్వతం కాదని దీనిని బట్టి తెలుస్తున్నది.

మరి పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త విండోస్‌పై నడపవచ్చునా? చాలా సందర్భాలలో నడపవచ్చు. ప్రాపర్టీస్‌లోని 'కంపాటిబిలిటీ' అమరిక కొన్నింటికి చాలుతుంది. సాఫ్ట్‌వేర్‌ను 'ప్రోగ్రామ్ ఫైల్స్' వెలుపల వేరొక ఫోల్డరులో ఎక్కిస్తే మరికొన్ని కుదురుకుంటాయి. అదీ కుదరనిచో వర్చువల్‌బాక్స్ వంటి సాధనంతో కొత్త కంప్యూటరులోనే ఒక పాత కంప్యూటరును కల్పించి, అందులో ఎక్స్‌పీని ఎక్కించవచ్చు. అటువంటి కల్పిత యంత్రంలో కొత్తగా రికార్డు చేస్తే శబ్దం ఆలస్యం కావడం, మధ్య మధ్య తెగిపోవడం కద్దు. ఉన్న శబ్దాన్ని వెలికితీయడానికి మాత్రం అది చక్కగా పనికివస్తుంది. మూడవ పక్షం మాటలోని సగం నిజం ఇదే: పాత సాఫ్ట్‌వేర్ తాళంచెవిగా పనికివస్తుంది, నివాసంగా పనికిరాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. ఈ వరుసకు అంతం లేదు. ప్రతి పర్యాయం తాళాన్ని కొత్తగా ఒప్పించుకుంటూ కూర్చోవడం కంటె, ఒక్కసారి తెరిచి లోపలి సొమ్మును బయటకు తెచ్చుకోవడం వివేకం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తాళం తెరుచుకోనప్పుడు దొంగచెవి వెతకడం మన ఊళ్లలో మామూలైపోయింది. 'క్రాక్' చేసిన ప్రతిని ఎక్కించడం నేరమన్నది ఒక మాట; దానితోపాటు వైరస్ ప్రవేశించి ఉన్న శబ్దాలను కూడా పాడుచేయగలదన్నది మరొక మాట. అక్షరాలతోపాటు నడవడి కూడా నేర్పవలసిన విద్యాలయంలో ఆ పని జరగరాదు. మన వద్ద కొన్న ప్రతి ఉన్నది. దానితోనే పని జరగాలి.

కనుక మా సూచనలు ఇవి. ముందుగా పాత కంప్యూటరు డిస్క్‌కు పూర్తి నకలు తీయాలి. ఆ తర్వాతనే దేనినైనా తాకాలి. ఆ కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలుపరాదు. ప్రతి సెషన్‌ను తెరిచి, ఒక్కొక్క ట్రాకును ఆరంభం నుండి చివరి వరకు విడిగా డబ్ల్యూఏవీ ఫైలుగా తీయాలి. పూర్తి కూర్పును మరొక ఫైలుగా తీయాలి. 1991లో వచ్చిన ఈ రూపాన్ని నేటికీ దాదాపు ప్రతి ధ్వని సంకలన సాఫ్ట్‌వేర్ చదవగలదు. సీడీ ప్రమాణంలో గంట శబ్దానికి పట్టే చోటు సుమారు 635 మెగాబైట్లు. చోటు తగ్గించదలిస్తే ఏమీ నష్టపరచని ఫ్లాక్ రూపాన్ని వాడవచ్చు. ఎంపీ3 వినడానికే గాని దాచడానికి కాదు. 16 బిట్లలో తీసిన రికార్డును పెద్ద సంఖ్యలోకి మార్చినంత మాత్రాన మేలు కలుగదు. క్యాసెట్టు నుండి కొత్తగా ఎక్కించేటప్పుడు మాత్రం 24 బిట్లు, 48,000 హెర్ట్జ్‌కు తగ్గరాదు.

ప్రతి శబ్దానికి తోడుగా మాట్లాడినవారెవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ భాషలో అన్న వివరాలను సాదా టెక్స్ట్ ఫైలులో వ్రాయాలి. పేరు తెలియని గొంతు కొంతకాలానికి ఎవరిదీ కాకుండా పోతుంది. ఆ గొంతులను గుర్తుపట్టగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని కూర్చోబెట్టి వినిపించి వ్రాసుకోవాలి. ఈ పనికి మాత్రం గడువు ఉన్నది. చివరగా మూడు నకళ్లు చేసి, ఒకదానిని కళాశాల ఆవరణకు వెలుపల ఉంచాలి.

పాలక సంఘం వారిని మేము కోరేది పెద్ద నిధులు కాదు. రెండు హార్డ్ డిస్క్‌లు, ప్రయోగశాలలో వారానికి రెండు గంటలు, పని పూర్తయ్యేవరకు పాత కంప్యూటరును వేలానికి పెట్టబోమన్న తీర్మానం చాలును. ఉర్దూ విభాగం విద్యార్థులు తెలుగు గొంతులను, తెలుగు విభాగం విద్యార్థులు ఉర్దూ గొంతులను పక్కపక్కన కూర్చొని వింటూ ఈ పని చేస్తే, ఏ పాఠ్యప్రణాళికలోనూ లేని విద్య వారికి అబ్బుతుంది. ఆ పని ముగిసిన నాడు పాత సాఫ్ట్‌వేర్ ఏ విండోస్‌పై నడిచినా నడవకపోయినా మనకు చింత ఉండదు. గొంతులు మన చేతిలో ఉంటాయి.