మా కొలనులో పాలసముద్రం

వెస్టు మారేడ్‌పల్లిలో మేముండే ఇళ్ళ సముదాయానికి ఒక ఈతకొలను వుంది. పదిహేను మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, సరాసరిన ఒకటింబాతిక మీటరు లోతు. లెక్కవేస్తే లక్షన్నర లీటర్ల నీరు. ఈ లెక్క ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, కొలనులో నీరెంత వుందో అందులో మందులు పోస్తున్న వాళ్ళెవరికీ తెలియదన్న సంగతి ఈ కథలో తరువాత బయటపడింది.

ఏప్రిలు నెలలో ఒక ఆదివారం ఉదయం మూడో అంతస్తు పిల్ల ఈత కళ్ళద్దాలు నీళ్ళలో జారవిడిచింది. పడింది నాలుగడుగుల లోతులోనే. అయినా ఎవరికీ కనిపించలేదు. నీరు అంతకు వారం రోజుల ముందునుంచీ మజ్జిగతేటలా వుంది. ఆనాటికి మజ్జిగే అయింది. అయిదుగురు మగపిల్లలు దిగి కాళ్ళతో తడిమారు. దొరకలేదు. గట్టుమీద కుర్చీ వేసుకుని కూర్చున్న పిల్ల నాయనమ్మగారు అంతవరకూ నోరు విప్పలేదు. చివరకు, "కళ్ళజోడు కనిపించని నీళ్ళలో పిల్ల మునిగితే కనిపిస్తుందటయ్యా?" అన్నారు.

అంతే. గట్టుమీద వున్న తల్లులంతా ఒక్కసారిగా పిల్లల్ని పైకి పిలిచారు.

ఆవిడకు రసాయనశాస్త్రం రాదు. కాని ఈతకొలనుల నిర్వహణలో మొట్టమొదటి సూత్రం అదే. గట్టుమీద నిలబడి చూస్తే అతి లోతైన చోట అడుగున వున్న తూము జాలీ స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే ఆ క్షణాన కొలను మూసివేయాలి. క్రిముల సంగతి ఆ తరువాత. మునిగిపోయేవాడు సినిమాల్లోలాగా కేకలు వేసి చేతులాడించడు. చప్పుడు లేకుండా అడుగుకు పోతాడు. పైనుంచి కనబడడమొక్కటే వాడికున్న దిక్కు.

మా సెక్రటరీగారు మంచివారే. అయితే వేసవి శిక్షణకని పిల్లల దగ్గర అప్పటికే రుసుము పుచ్చుకుని వున్నారు. "మాస్టారూ, మీరు కెమిస్ట్రీ చెప్పినవారు గదా, మూయకుండా ఏదైనా ఉపాయం చూడండి" అన్నారు. మూస్తేనే చూస్తానన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు గాని, నాయనమ్మగారు ఇంకా కుర్చీలోనే వున్నారు. తాళం పడింది.

కొలను చూసే కుర్రవాణ్ణి పిలిచి ఏమేం వేశావని అడిగాను. "దినాం రెండు కిలోల బ్లీచింగు ఏస్తున్న సార్. గింత ఏసినా తెల్లగనే వుంటున్నయి. అందుకే రేపటికెల్లి నాలుగు కిలోలు ఏద్దామనుకున్న" అన్నాడు. వాడి తప్పు లేదు. తెల్లబడితే మందు చాలలేదనుకున్నాడు. నిజానికి తెలుపు తెచ్చింది ఆ మందే.

బ్లీచింగు పౌడరంటే ఏమిటి? 1799లో చార్లెస్ టెన్నెంట్ అనే స్కాట్లండు దేశస్థుడు బట్టలు తెలుపు చేయడానికని పేటెంటు పుచ్చుకున్న పొడి అది. తడి ఆర్చిన సున్నానికి క్లోరిను వాయువు పట్టిస్తే తయారవుతుంది. కొత్త సంచీలో కూడా పనికివచ్చే క్లోరిను మూడోవంతుకు మించదు. మిగిలినదంతా సున్నమూ, దాని చుట్టాలూ. సంచీ మూతి విప్పి తేమలో పెడితే క్లోరిను ఎగిరిపోతుంది, సున్నం మిగిలిపోతుంది. అంటే పాతబడిన కొద్దీ మనం నీటికి మందు వేయడం మాని వెల్ల వేస్తున్నామన్నమాట. దీనికి తోడు మా కొలను నింపినది బోరు నీటితో. మన జంట నగరాల కింద వున్నది నల్లరాతి గుట్ట. ఆ రాతి పగుళ్ళలోంచి వచ్చే నీటి కాఠిన్యం సంగతి వేణ్ణీళ్ళ గిన్నె అడుగున తెల్లపొర గీకి తీసే ఇల్లాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. సున్నం నిండిన నీటిలో మరికొంత సున్నం వేస్తే, పట్టలేక, పిండిలాగ విరిగి బయటపడుతుంది. కాల్షియం కార్బొనేట్ దాని పేరు. సుద్ద కూడా అదే.

ఈ అనుమానం తీర్చుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. మా ఆవిడను వంటింటి వెనిగరు అడిగి, గాజుగ్లాసుడు కొలను నీటిలో రెండు చెంచాలు పోశాను. తెలుపు చాలామట్టుకు విరిగి నీరు తేటపడింది. పుల్లదనానికి కరిగినది సుద్ద. కరగకుండా కొంత మసక మిగిలింది, అది దుమ్మో, చచ్చిన నాచో అయివుండాలి. రెండో గ్లాసులో ఏమీ పోయకుండా కిటికీలో పెట్టాను. తెల్లవారినా తేరలేదు. అంటే ఆ రేణువులు తమంత తాముగా దిగేటంత బరువైనవి కావు.

ఇప్పుడు పీహెచ్ సంగతి కొంచెం ఓపికపట్టి వినాలి, ఎందుకంటే కీలకమంతా ఇక్కడే వుంది. నీరు పులుపువైపు వుందా, సున్నపువైపు వుందా అని తెలిపే కొలత అది. ఏడు మధ్యస్థం. కొలనుకు 7.2 నుంచి 7.8 దాకా వుండాలి. మాది 8.2 వుంది. ఎక్కువైతే రెండు అనర్థాలు. ఒకటి, సుద్ద విరగడం. రెండవది కంటికి కనబడదు. క్లోరిను నీటిలో కలిస్తే రెండు రూపాల్లో వుంటుంది: హైపోక్లోరస్ ఆమ్లమనేది చురుకైన రూపం, క్రిముల్ని చంపేది అదే, హైపోక్లోరైట్ అనేది మందకొడి. పీహెచ్ 7.2 దగ్గర చురుకైనది మూడింట రెండు వంతులుంటుంది. 7.5 దగ్గర సగం సగం. 8 దగ్గర నాలుగోవంతుకు కొంచెం తక్కువ. మా 8.2 దగ్గర ఆరోవంతు. అంటే మనవాడు వేసిన క్లోరినులో ఆరింట అయిదు వంతులు పని లేకుండా కూర్చుని వుంది.

పైగా నీటిని పరీక్షించే సీసా పసుపురంగు చూపించి "క్లోరిను పుష్కలంగా వుంది" అని చెబుతోందట. అదీ ఒక మాయే. ఆ పసుపురంగు మందు పని చేసే క్లోరినునూ, పని అయిపోయిన క్లోరినునూ కలిపి లెక్క చెబుతుంది. చెమట, మూత్రం (పిల్లలున్న చోట దాపరికమెందుకు) వీటితో క్లోరిను కలిస్తే క్లోరమీన్లనే పదార్థాలు పుడతాయి. కొలను దగ్గరకు వెళ్ళగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన, ఈదిన తరువాత కళ్ళు ఎర్రబడడం వీటి చలవే. "అబ్బ, క్లోరిను ఎక్కువ వేశారు" అని మనమంటాం. చాలాసార్లు దాని అర్థం పనికివచ్చే క్లోరిను తక్కువయిందని. గులాబిరంగు వచ్చే డి.పి.డి. పరీక్ష ఈ రెండింటినీ వేరుచేసి చెబుతుంది. పనికివచ్చే క్లోరిను లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములుండాలి. లక్షన్నర లీటర్లకు ఒక్క మిల్లీగ్రాము పెంచడానికి నూట యాభై గ్రాముల క్లోరిను, అంటే కొత్త బ్లీచింగు పౌడరైతే నాలుగు వందల యాభై గ్రాములు, చాలు. మనవాడు వేసినది రెండు కిలోలు. ఎండ చాలావరకు కొన్ని గంటల్లోనే తినేసింది కాబట్టి పిల్లల ఒళ్ళు మండలేదు.

ఎండను ఆపడానికి సైన్యూరిక్ ఆమ్లం వాడతారు. బిళ్ళలుగా వచ్చే క్లోరినులో అది కలిసే వుంటుంది. వాడిన కొద్దీ నీటిలో పేరుకుంటుంది. మరీ పేరుకుంటే క్లోరిను చేతులు కట్టేస్తుంది. కొంత నీరు పారబోసి కొత్త నీరు పట్టడం తప్ప మార్గం లేదు. లీటరుకు ముప్పై నుంచి యాభై మిల్లీగ్రాములు హద్దు. మాకు ఆ బాధ లేదు, బిళ్ళలు ఖరీదని కొనలేదు.

కమిటీలో ఒకాయన నీరంతా వదిలేసి కొత్తగా నింపుదామన్నారు. అయిదువేల లీటర్ల టాంకర్లు ముప్పై కావాలి. ఏప్రిలులో! వంద కిలోమీటర్లు దాటి కృష్ణా గోదావరీ జలాలు వస్తే గాని కుళాయి తిరగని ఊరు మనది. నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఇంకొకాయన, ఖర్చు లేకుండా, పంపు ఆపేసి వర్షాల దాకా అలాగే వదిలేద్దామన్నారు. ఇది మరీ ప్రమాదం. క్లోరిను లేని నిలవనీరు వారం పదిరోజుల్లో దోమల పురుడుగది అవుతుంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్నది ఇక్కడికి కూతవేటు దూరంలో, బేగంపేటలో. అంతటి పొరుగువారి పరువు తీయడం న్యాయం కాదన్నాను.

క్లోరిను చరిత్రలో మనకు ఇంకొక తిథి కలుస్తుంది. అమెరికాలో జెర్సీ సిటీ అనే పట్నానికి సరఫరా చేసే నీటిలో నిత్యమూ క్లోరిను కలపడం 1908 సెప్టెంబరులో మొదలుపెట్టారు. సరిగ్గా ఆ నెలాఖరులోనే మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. ఆ వరద తరువాతనే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. అక్కడ మందూ, ఇక్కడ చెరువులూ.

సరే, పనిలోకి దిగాం. మొదట పీహెచ్ దింపాలి. దానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కుర్రవాడు బ్లీచింగు పౌడరు కలిపే బక్కెట్టునే యాసిడుకూ తెచ్చాడు. అడుగున ఇంకా తెల్లపొడి వుంది. నా గుండె ఝల్లుమంది. ఆ పొడిమీద యాసిడు పడితే క్లోరిను వాయువు బుస్సుమని పైకి లేస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో 1915లో సైనికుల మీదకు వదిలిన విషవాయువు అదే. యాసిడుకు వేరే బక్కెట్టు, వేరే మగ్గు, వేరే గది వుండాలి. బిళ్ళల క్లోరినూ బ్లీచింగు పొడీ కూడా ఒక డబ్బాలో కలపకూడదు, పేలవచ్చు. ఇంకొక్కటి: బక్కెట్టులో నీరు ముందు, యాసిడు తరువాత. ఎన్నడూ యాసిడు మీద నీరు పోయరాదు. మరుగుదొడ్లు కడిగే ఇళ్ళలో కూడా ఈ జాగ్రత్త పాటిస్తే మంచిది.

పంపు నడుస్తూండగా రెండేసి లీటర్ల చొప్పున, పూటకొక్కసారి, కొలిచి చూసుకుంటూ పోశాం. మొత్తం ఆరు లీటర్లు పట్టింది. 7.4కు దిగేసరికి మజ్జిగ మళ్ళీ మజ్జిగతేట అయింది. ఈలోగా ఇసుక వడపోతను చూద్దామని మూత విప్పితే, ఇసుక సున్నం పట్టి గడ్డలు కట్టి వుంది. నీరు ఇసుకలోంచి కాక గడ్డల సందుల్లోంచి పోతోంది. ఇన్నాళ్ళూ వడకట్టినట్టు నటన! ఇసుక మార్పించాం. పీడన ముల్లు శుభ్రంగా వున్నప్పటికంటె ఎనిమిది పది పౌండ్లు పెరిగితే నీటిని వెనక్కు నడిపించి ఇసుక కడగాలి. ముల్లు చూసేవాళ్ళే లేరు. దాని అద్దం మీద బల్లిగుడ్డు అంటుకుని వుంది.

మిగిలిన మసకకు పటిక. మన పెద్దవాళ్ళు బిందెలో చిల్లగింజ అరగదీసేవారు, సుశ్రుతుడు కతకమని పేర్కొన్నది దానినే. పటిక ముక్క తిప్పడమూ ఇంటింటా తెలిసినదే. పని ఒక్కటే: తేలే రేణువులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ వుంటాయి, పటిక ఆ వైరం తీరుస్తుంది. జిగురులాంటి మెత్తని పింజెలు ఏర్పడి, దుమ్మును వొడిలో వేసుకుని దిగిపోతాయి. వెయ్యి లీటర్లకు యాభై గ్రాముల లెక్కన ఏడున్నర కిలోలు నీటిలో కరిగించి, సాయంత్రం కొలను నిండా చల్లి, ఒకగంట కలియదిప్పి, పంపు ఆపేశాం. ఆపడమే ముఖ్యం. రాత్రంతా నీరు కదలకూడదు. పటిక పీహెచ్‌ను కొంచెం దింపుతుంది, తెల్లవారి మళ్ళీ కొలవాలి.

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదని ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు బల్లమీద సుద్దముక్కతో రాసిన సమీకరణాలు లక్షన్నర లీటర్లలో నిజం కావాలి గదా!

ఆరింటికి దిగి వెళ్ళేసరికి సెక్రటరీగారు అప్పటికే గట్టున నిలబడి వున్నారు. నీలం పలకల మధ్య గీతలు లెక్కపెట్టవచ్చు. అడుగున బూడిదరంగు దుప్పటి పరచినట్టు మడ్డి. దాన్ని చీపురుతో కదిలించకుండా, గొట్టంతో మెల్లగా పీల్చి, వడపోతలోకి కాక బయటి కాలువలోకి వదిలాం. వడపోతలోకి పంపితే కొత్త ఇసుక ఆ పూటే పూడిపోతుంది. తరువాత క్లోరిను సరిచేసి, రెండు పూటలు పంపు నడిపి, డి.పి.డి. సీసాలో గులాబిరంగు చూసుకున్నాకే తాళం తీశాం. ఇప్పుడు దిగేముందు స్నానం తప్పనిసరి. తలకు కొబ్బరినూనె పెట్టుకుని దిగే అలవాటు మానమంటే కొందరు తల్లులు నామీద కోపంగా వున్నారు. నూనె నీటిమీద పొరకడుతుంది, ఏం చేయను!

మడ్డి పీలుస్తుంటే గొట్టం మూతి దగ్గర ఏదో అడ్డుపడింది. కుర్రవాడు దిగి తీశాడు. రెండు రూపాయి నాణేలు, ఒక తలపిన్ను, ఆదివారంనాటి కళ్ళద్దాలు. అయిదుగురు పిల్లలు తడిమిన చోటునుంచి మూరెడు దూరంలో వున్నాయి. నాయనమ్మగారికి ఇస్తే, చీర కొంగుతో తుడిచి ముక్కుమీద పెట్టుకుని కొలనులోకి చూసి, "ఆ జాలీకి ఎన్ని రంధ్రాలున్నాయో చెప్పనా?" అన్నారు.