వేలిముద్ర పడని పెద్దల సంగతేమిటి?

సంపాదకులకు,

డెబ్బై దాటినవారి ఆయుష్మాన్ వయ వందన కార్డుపై మీరు వేసిన వ్యాసంలో, పిల్లలు ఫోన్‌లో నమోదు చేస్తే సరిపోతుందన్నారు. అది సగమే నిజం. 2024 అక్టోబరు 29న మొదలైన ఈ పథకానికి ఆదాయ పరిమితి లేదు. ఇంట్లో డెబ్బై దాటినవారందరికీ కలిపి ఏటా రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యం. కానీ ఆధార్ తప్పనిసరి. మా నాన్నగారు బతుకంతా పార పట్టిన మనిషి. వేళ్లు అరిగి ముద్ర పడలేదు. ఆధార్‌కిచ్చిన పాత ఫోన్ నంబరు ఎప్పుడో పోయింది, ఇక ఓటీపీ ఎక్కడిది? చివరికి ముఖ గుర్తింపుతో పని జరిగింది. కాబట్టి ఆధార్‌లో పుట్టిన తేదీ, ఫోన్ నంబరు పిల్లలు ఇప్పుడే సరిచూడాలి. ఒంటరి పెద్దల ఇళ్లకు సిబ్బందే వెళ్లి నమోదు చేయాలి. ఆస్పత్రిలో చేరాక కార్డు కోసం పరుగులు పెట్టే అవస్థ ఎవరికీ రాకూడదు.

– ఒక పాఠకురాలు, గుంటూరు